టిఫిన్ వ్యాన్‌లో డ్యూయల్ ఫ్యూయల్ జనరేటర్: ఎక్కడ పెట్టాలి, ఎలా స్టార్ట్ చేయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాలుగు వైపులా మూసి ఉండే చిన్న వ్యాన్‌ను టిఫిన్ బండిగా మార్చారు. సాయంత్రాలు ఆర్కే బీచ్ దగ్గర వ్యాపారం చేసి, సెలవు రోజుల్లో అరకు, లంబసింగి వైపు వెళ్లి రాత్రిళ్లు అందులోనే పడుకోవాలనుకుంటున్నారు. పెట్రోలుతోనూ ఎల్‌పీజీతోనూ నడిచే 3 కేవీఏ జనరేటర్ కొన్నారు. దాన్ని వ్యాన్ వెనుక భాగంలో బిగించి తలుపు తెరిచి నడిపితే సరిపోతుందా, గ్యాస్‌తో నడిపితే పొగ ప్రమాదం ఉండదని అమ్మినవారు చెప్పింది నిజమేనా, స్టార్ట్ చేసే సరైన పద్ధతి ఏమిటి అని అడిగారు. నేను విశాఖ ఆటోనగర్‌లో జనరేటర్ల మరమ్మతు, వాహనాల వైరింగు పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మొదటి రెండు ప్రశ్నలకూ నా సమాధానం ఒక్కటే: కాదు. ఈ జనరేటర్‌ను వ్యాన్‌లో తీసుకువెళ్లవచ్చు, కానీ వ్యాన్‌లో నడపకూడదు. తలుపు తెరిచినా, కిటికీలు తెరిచినా, లోపల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టినా నడపకూడదు.

కారణం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌తో కంటే దీనితో రెండు వందల రెట్లకు పైగా ఎక్కువ ఆకర్షణ ఉంటుంది కాబట్టి, గాలిలో కొద్దిగా ఉన్నా శరీరంలో పేరుకుపోతుంది. ఎంత త్వరగా పేరుకుంటుందో ఒక లెక్క చూడండి. మీ వ్యాన్ బాడీ లోపలి ఖాళీ సుమారు 7 ఘనపు మీటర్లు, అంటే 7,000 లీటర్లు అనుకుందాం. ఈ పరిమాణంలోని ఇంజిన్లు గంటకు కొన్ని వందల గ్రాముల కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతాయి. 500 గ్రాములుగా తీసుకుంటే అది 430 లీటర్ల వాయువు, నిమిషానికి 7 లీటర్ల పైచిలుకు. ప్రాణానికి తక్షణ ప్రమాదంగా పరిగణించే స్థాయి 1,200 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల పాళ్లకు 1,200 పాళ్లు. 7,000 లీటర్ల గాలిలో ఆ స్థాయి రావడానికి 8.4 లీటర్లు చాలు. పొగ అంతా లోపలే ఉండిపోతే అందుకు ఒక నిమిషం పైన పది సెకన్లు పడుతుంది. తలుపు తెరిచి ఉండి పొగలో పదో వంతు మాత్రమే లోపలికి మళ్లినా, పన్నెండు నిమిషాల్లో అక్కడికే చేరుతాము. తెరిచిన తలుపు గుండా కొంత గాలి మారుతుంది నిజమే, కానీ ఆ మార్పు మీ చేతిలో లేదు. గాలి వెనుక నుంచి వీచే రోజున అదే తలుపు పొగను లోపలికి తోసే దారి అవుతుంది.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. 2024 డిసెంబరులో కేరళలోని కోళికోడ్ జిల్లా వడకరలో రోడ్డు పక్కన ఆపి ఉన్న కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ వాహనం అడుగున ఉన్న రంధ్రం గుండా లోపలికి చేరిందని నిపుణుల పరిశీలనలో తేలింది. అందుకే, జనరేటర్‌ను వ్యాన్ కింద వేలాడదీస్తే సరిపోదా అని అడిగేవారికి కూడా నేను వద్దనే చెబుతాను. వైర్లు, నీటి పైపుల కోసం అడుగున వేసిన రంధ్రాలు, తలుపు రబ్బరు అరిగిన చోట్లు, వీల్ ఆర్చ్ అతుకులు, ఇవన్నీ పొగకు దారులే. కారవాన్ల కోసమే తయారయ్యే జనరేటర్లు వేరు. వాటికి మనుషులుండే భాగంతో ఏ సంబంధం లేకుండా, బయటికి మాత్రమే తెరుచుకునే గాలి చొరబడని గది ఉంటుంది, పొగగొట్టం బాడీ అంచు దాటి బయటికి వెళుతుంది. మీరు కొన్నది నేల మీద పెట్టి నడిపే ఫ్రేమ్ జనరేటర్. వెల్డింగ్ షాపులో డబ్బా చేయించినంత మాత్రాన అది కారవాన్ జనరేటర్ కాదు. పైగా అలా మూసిన డబ్బాలో వేడి గాలి తిరిగి తిరిగి ఇంజిన్‌లోకే వెళ్లి, ఇంధనం సరిగా మండక, కార్బన్ మోనాక్సైడ్ మరింత పెరుగుతుంది.

గ్యాస్‌తో నడిపితే పొగ ప్రమాదం ఉండదన్న మాట చాలా హానికరమైనది. ఎల్‌పీజీ మసి లేకుండా మండుతుంది, ఇంజిన్ ఆయిల్ త్వరగా నల్లబడదు, ప్లగ్ శుభ్రంగా ఉంటుంది. ఇవి దాని మంచి గుణాలు. కానీ ఛోక్ వేసి ఉన్నప్పుడు, మిశ్రమంలో గ్యాస్ ఎక్కువైనప్పుడు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినప్పుడు గ్యాస్ ఇంజిన్ కూడా ప్రాణాంతకమైన మోతాదులో కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. పెట్రోలు పొగకు కనీసం ఘాటు ఉంటుంది కాబట్టి మనిషి చిరాకుపడి లేచి బయటికి వస్తాడు. గ్యాస్ పొగకు ఆ ఘాటు కూడా తక్కువ కాబట్టి, మూసిన చోట దానితో మరింత జాగ్రత్తగా ఉండాలి.

దీని లక్షణాలు మీ కుటుంబంలో అందరికీ, మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లకూ తెలిసి ఉండాలి. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ తగ్గడం, మాట తడబడటం మొదటి గుర్తులు. మన ఉక్కపోతలో పొయ్యి దగ్గర నిలబడేవాళ్లు వీటిని వేడి వల్ల వచ్చినవనో, పైత్యమనో అనుకుని నిమ్మరసం తాగి మళ్లీ లోపలికే వెళ్లి పడుకుంటారు. ఎక్కువ ప్రమాదాలు అక్కడే జరుగుతాయి. ఒకే వాహనంలో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే కార్బన్ మోనాక్సైడే అనుకుని అందరినీ బయటికి తీసుకురావాలి, 108కి ఫోన్ చేయాలి, జనరేటర్ నడుస్తున్న సంగతి అంబులెన్సు సిబ్బందికి తప్పకుండా చెప్పాలి. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్‌ను వేలికి పెట్టి 98 చూపించిందని ధైర్యపడకూడదు. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కూ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌కూ తేడా ఆ పరికరానికి తెలియదు. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలోని ఈ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో మాస్క్ ద్వారా నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగానికి తగ్గుతుంది. కాబట్టి కాస్త తేలికపడినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇక జనరేటర్‌ను ఎక్కడ పెట్టాలో చూద్దాం. వ్యాన్ నుంచి కనీసం 6 మీటర్ల దూరంలో, సమతలమైన నేల మీద, సైలెన్సర్ మూతి వ్యాన్‌కూ మనుషులకూ వ్యతిరేక దిశలో ఉండేలా పెట్టాలి. ఇక్కడ మన ఊరి గాలి గురించి చెప్పాలి. తీరంలో పగలంతా గాలి సముద్రం మీద నుంచి ఒడ్డుకు వీస్తుంది; రాత్రి బాగా పొద్దుపోయాక నేల చల్లబడి గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. సాయంత్రం ఐదు గంటలకు గాలివాటం చూసి సరైన చోటే జనరేటర్ పెట్టినా, అర్ధరాత్రికి అదే చోటు నుంచి పొగ నేరుగా వ్యాన్ మీదికి రావచ్చు. అందుకే నా నియమం చాలా గట్టిది: వ్యాన్‌లో ఎవరైనా పడుకుంటే జనరేటర్ ఆగి ఉండాలి. దూరంగా ఉంది కదా, చిన్న లోడే కదా అన్న మినహాయింపులు దీనికి లేవు.

అంత దూరంలో పెడితే వాన, దొంగతనం, శబ్దం అని మీకు అనిపిస్తుంది. జనరేటర్లు వ్యాన్ లోపలికి చేరేది సరిగ్గా ఈ మూడింటి వల్లే కాబట్టి, వీటికి పరిష్కారం చెప్పకుండా లోపల పెట్టకండి అని మాత్రం చెబితే ఉపయోగం లేదు. వానకు నాలుగు వైపులా తెరిచి ఉండి పైకప్పు మాత్రమే ఉన్న చిన్న షెడ్డు లాంటి గొడుగు చేయించండి, టార్పాలిన్ చుట్టకండి. దొంగతనానికి ఫ్రేమ్ గుండా గొలుసు వేసి స్తంభానికో చెట్టుకో తాళం వేయండి. కేబుల్ 10 మీటర్లు ఉంటే చాలు, కానీ అది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలున్న మూడు కోర్ల రబ్బరు కేబుల్ కావాలి. ఇంట్లో వాడే సన్నని ఎక్స్‌టెన్షన్ బాక్సు వేడెక్కి కరుగుతుంది. శబ్దం మాత్రం ఉంటుంది. బీచ్ రోడ్డు మీద పక్కపక్కనే బళ్లు, మధ్యలో జనం ఉండే చోట 6 మీటర్ల ఖాళీ దొరకడమే కష్టం, దొరికినా మీ పొగ పక్క బండి వాడికో, పిల్లలతో వచ్చిన వినియోగదారుడికో తగులుతుంది. అలాంటి చోట జనరేటర్ అసలు నడపకుండా, 24 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టుకోవడం మంచిది. అందులో సుమారు రెండున్నర యూనిట్లు నిల్వ ఉంటాయి. లైట్లు, ఫ్యాను, చిన్న ఫ్రిజ్, మధ్యమధ్య మిక్సీ ఒక సాయంత్రమంతా హాయిగా నడుస్తాయి. జనరేటర్‌ను ఖాళీ స్థలంలో ఆ బ్యాటరీ నింపడానికి మాత్రమే వాడండి. ఖర్చు ఎక్కువే, కానీ మీ పనికి సరైన ఏర్పాటు ఇదేనని నా అభిప్రాయం.

వ్యాన్‌లో అలారాలు రెండు రకాలు కావాలి, ఒకదాని పని మరొకటి చేయదు. కార్బన్ మోనాక్సైడ్ గాలి అంత బరువే ఉంటుంది కాబట్టి దాని అలారం పడుకున్న మనిషి ముక్కు ఎత్తులో ఉండాలి. కొనేటప్పుడు ఈఎన్ 50291 రెండో భాగం అని రాసి ఉన్నది చూడండి, అది వాహనాలు, పడవల కోసం చేసిన ప్రమాణం. ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది, కాబట్టి దాని అలారం నేలకు జానెడు ఎత్తులో ఉండాలి. ఎల్‌పీజీ నేలబారున ఎలా పాకుతుందో విశాఖ వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో లీకైన ఎల్‌పీజీ అంటుకుని సుమారు 60 మంది చనిపోయారు. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, అది మండే స్థితికి వస్తుంది.

సిలిండర్ విషయంలో నాలుగు మాటలు. వ్యాపారానికి ఇంటి 14.2 కిలోల సిలిండర్ వాడకూడదు, చట్టరీత్యా తప్పు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోండి. అది ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవం పైపులోకి వస్తుంది. జనరేటర్‌కు తక్కువ ఒత్తిడి గ్యాస్ కావాలి. మన ఇళ్ల రెగ్యులేటర్ ఇచ్చే చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల ఒత్తిడికి దగ్గరగా పనిచేసే యంత్రాలే ఎక్కువ, అయినా మీ మాన్యువల్‌లో రాసిన అంకెను చూసి దానికి తగిన రెగ్యులేటర్ మాత్రమే బిగించండి. టిఫిన్ బళ్లలో పెద్ద పొయ్యికి వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్‌ను దీనికి కలిపితే జనరేటర్ లోపల ఒత్తిడిని అదుపుచేసే పలుచటి రబ్బరు పొర (డయాఫ్రమ్) చిరిగి గ్యాస్ బయటికి చిమ్ముతుంది. పొయ్యికీ జనరేటర్‌కూ ఒకే సిలిండర్ నుంచి టీ జాయింట్ వేసి కలపడం కూడా వద్దు. ఇంజిన్ గ్యాస్‌ను లాగినప్పుడల్లా ఒత్తిడి తగ్గి పొయ్యి ఆరిపోవచ్చు, ఆ తర్వాత మండని గ్యాస్ వ్యాన్‌లో నిండుతుంది. సురక్షా రకం గొట్టమే వాడి, ఐదేళ్లకు మార్చండి. ఎండలో ఉంటుంది కాబట్టి పగుళ్లు కనిపిస్తే అంతకంటే ముందే మార్చండి. బిగించిన ప్రతిసారీ అతుకుల మీద సబ్బు నురుగు పూసి బుడగలు వస్తాయేమో చూడాలి. వ్యాన్‌లో వాసన వస్తే స్విచ్ వేయకండి, ఆపకండి. అందరూ దిగి, తలుపులు తెరిచి, చేతికి అందితే సిలిండర్ వాల్వు మూసి, దూరంగా వెళ్లి గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కు ఫోన్ చేయండి. ప్రయాణంలో రెగ్యులేటర్ తీసి, సేఫ్టీ క్యాప్ పెట్టి, బెల్టుతో కట్టి తీసుకువెళ్లాలి. సిలిండర్ ఉంచే గదికి కింది భాగంలో బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి, వ్యాన్ లోపలికి మాత్రం ఏ సందూ ఉండకూడదు.

స్టార్ట్ చేసే పద్ధతికి వద్దాం. ముందుగా జనరేటర్ వ్యాన్ దిగి తన చోట ఉండాలి. ఒక్క నిమిషం లోపలే ఆన్ చేసి చూద్దాం అన్న పరీక్ష కూడా వద్దు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి. నేల వాలుగా ఉంటే ఆయిల్ సరిపడా ఉన్నా సెన్సర్ ఇంజిన్‌ను ఆపేస్తుంది, చాలామంది దాన్ని స్టార్టింగ్ ట్రబుల్ అనుకుని ప్లగ్ మారుస్తారు. లోడు బ్రేకర్ దించి ఉంచండి. గ్యాస్‌తో మొదలుపెట్టాలంటే పెట్రోల్ కాక్ మూసి, ఇంధనం మార్చే సెలెక్టర్‌ను గ్యాస్ వైపు తిప్పి, సిలిండర్ వాల్వును నెమ్మదిగా తెరవండి. ఒక్కసారిగా తెరిస్తే కొన్ని రెగ్యులేటర్లలోని రక్షణ వాల్వు గ్యాస్ లీకైందనుకుని దారి మూసేస్తుంది. పైపులో గాలి ఉంటుంది కాబట్టి, ప్రైమర్ బటన్ ఉంటే మాన్యువల్ చెప్పినన్ని సార్లు నొక్కి, లేకపోతే తాడును రెండు మూడుసార్లు మెల్లగా లాగి ఆ గాలిని పోనివ్వండి. విశాఖ వాతావరణంలో గ్యాస్‌కు ఛోక్ చాలాసార్లు అక్కరలేదు, కావాలన్నా ఇంజిన్ అందుకున్న వెంటనే తీసేయాలి. నాలుగైదు లాగుళ్లకు అందుకోకపోతే ఆపి, వాల్వు మూసి, ఐదు నిమిషాలు ఆగండి. మండని గ్యాస్ సైలెన్సర్‌లో చేరి ఉంటే తర్వాతి లాగుకు పెద్ద చప్పుడుతో పేలుతుంది.

ఇంజిన్ అందుకున్నాక ఒకటి రెండు నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి బ్రేకర్ వేయండి. ముందు ఫ్రిజ్, గ్రైండర్ వంటి మోటార్లను ఒకదాని తర్వాత ఒకటి, పెద్దది మొదట వేసి, ఆ తర్వాతే మిగతావి వేయాలి, ఎందుకంటే మోటారు మొదలయ్యేటప్పుడు నడిచే కరెంటుకు మూడు రెట్లో అంతకు మించో లాగుతుంది. గ్యాస్‌తో నడిచేటప్పుడు పెట్రోలుతో వచ్చే శక్తిలో సుమారు పదో వంతు తగ్గుతుందని కూడా లెక్కలో పెట్టుకోండి. ఒకటిన్నర కిలోవాట్ల లోడుకు గంటకు ముప్పావు కిలో అటూ ఇటూగా గ్యాస్ ఖర్చవుతుంది. ఆపేటప్పుడు లోడు తీసి, రెండు నిమిషాలు తిరగనిచ్చి, సిలిండర్ వాల్వు మూయండి. పైపులో మిగిలిన గ్యాస్ అయిపోయి ఇంజిన్ తనంతట తానే ఆగుతుంది. అప్పుడు స్విచ్ ఆపి, సెలెక్టర్ మూయండి. నడుస్తుండగా ఒక ఇంధనం నుంచి మరొకదానికి మారడం మీ మాన్యువల్ స్పష్టంగా అనుమతిస్తే తప్ప చేయకండి. రెండు ఇంధనాలూ ఒకేసారి లోపలికి వెళితే మిశ్రమం చిక్కబడి ఇంజిన్ తడబడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ ఆ కాసేపట్లోనే బాగా పెరుగుతుంది.

పెట్రోలుతో అయితే కాక్ తెరిచి, ఛోక్ వేసి, లాగడమే. అందులో ప్రమాదం స్టార్టింగ్‌లో కంటే నింపడంలో ఉంది. వేడి ఇంజిన్ మీద పెట్రోలు ఒలికితే ఆలోచించే వ్యవధి ఉండదు; ఆపి, కనీసం పావుగంట చల్లారనిచ్చి, వ్యాన్ బయటే నింపండి. బంకులో డబ్బాను వ్యాన్‌లో ఉంచి నింపించకండి, నేల మీద పెట్టించండి, స్థిర విద్యుత్తు నేలలోకి పోవడానికి. మీరు తరచూ గ్యాసే వాడేట్టయితే ట్యాంకులో పెట్రోలు నిల్వ పెట్టకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మన తేమ గాలిలో నీటిని పీల్చుకుని కార్బురేటర్ జెట్‌ను పాడుచేస్తుంది.

విద్యుత్తు వైపు ఒక్క విషయం మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎలక్ట్రీషియన్లు కూడా వదిలేస్తారు. చాలా పోర్టబుల్ జనరేటర్లలో న్యూట్రల్ దేనికీ కలిపి ఉండదు. ఆ స్థితిలో వ్యాన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపే స్విచ్) పెట్టినా, ఫేజ్ వ్యాన్ రేకుకు తగిలినప్పుడు కరెంటు తిరిగి వెళ్లే దారి లేక అది ట్రిప్ కాదు. మొదటి లోపం ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది, రెండో లోపం మనిషి మీద పడుతుంది. ఆర్‌సీసీబీ కంటే ముందు ఒక్క చోట మాత్రమే న్యూట్రల్‌ను ఛాసిస్‌కు కలిపించి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత టెస్ట్ బటన్‌తోనూ మీటరుతోనూ పరీక్ష చేయించండి. ఇన్వర్టర్ రకం జనరేటర్ అయితే కలిపే ముందు మాన్యువల్ చూడాలి. ఇంటి దగ్గర వ్యాన్‌కు విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్ కరెంటు కలిపే ఏర్పాటు ఉంటే ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి మార్చే చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత ఊరంతా చీకటిలో ఉన్న రోజుల్లో సాకెట్‌లోకి రెండు వైపులా పిన్నులున్న తీగతో జనరేటర్ కరెంటు ఎక్కించిన ఇళ్లను చూశాను. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ చేతిలోకి ఆ కరెంటు వెళుతుంది.

అరకు, లంబసింగి ప్రయాణాల్లో రెండు తేడాలు గమనిస్తారు. 300 మీటర్ల ఎత్తు పెరిగితే ఇంజిన్ శక్తి మూడు, మూడున్నర శాతం తగ్గుతుంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి పదో వంతు అక్కడే పోతుంది, గ్యాస్‌తో మరో పదో వంతు. ఇక్కడ బాగానే తిరిగిన గ్రైండర్ అక్కడ జనరేటర్‌ను ఆపేస్తే అది యంత్రం లోపం కాదు. రెండోది చలి. మన సిలిండర్లలో బ్యూటేన్ అనే వాయువు వంతు ఎక్కువ, అది సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదు. శీతాకాలం తెల్లవారుజామున లంబసింగిలో సిలిండర్ నిండుగా ఉన్నా జనరేటర్ అందుకోకపోతే పెట్రోలుతో స్టార్ట్ చేయండి, డ్యూయల్ ఫ్యూయల్ కొన్నది అందుకే. సిలిండర్ మీద వేడి నీళ్లు పోయడం, పొయ్యి దగ్గరకు జరపడం, గుడ్డ చుట్టి వ్యాన్ లోపల పెట్టుకోవడం ఏదీ చేయకండి. చలికి తలుపులు, కిటికీలు మూసి పడుకునే రాత్రులు కూడా అవే కాబట్టి, వాటికి బ్యాటరీ నింపి ఉంచుకుని, జనరేటర్‌ను సాయంత్రమే ఆపేయండి.

సముద్రపు గాలిలో సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. అది ఇంజిన్ హెడ్‌కు కలిసే చోట గ్యాస్కెట్ ఊడినా, గొట్టానికి చిన్న చిల్లు పడినా, మీరు మూతిని ఎటు తిప్పి పెట్టినా పొగ వేరే దిక్కున వస్తుంది. నెలకోసారి చల్లగా ఉన్నప్పుడు బోల్టులు బిగించి చూడండి, నల్లటి మసి గీతలు కనిపించిన చోట లీకు ఉన్నట్టే. గ్యాస్‌తో ఎక్కువ నడిచే ఇంజిన్‌కు టాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గరి సందు) మాన్యువల్ చెప్పిన గంటలకే సరిచేయించాలి, ఆయిల్ శుభ్రంగా కనిపిస్తోందని దాన్ని మార్చడం వాయిదా వేయకండి. మీ మోడల్ పేరు, మాన్యువల్‌లో గ్యాస్ ఒత్తిడి రాసిన పేజీ ఫోటో పంపితే ఏ రెగ్యులేటర్ సరిపోతుందో చూసి చెబుతాను.